మెడ కింద గడ్డ ఉంటే, ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు

సాయీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. గినీపిగ్‌ల దవడ కింద ఆ ఉబ్బు కొవ్వు కాదు నాన్నా, ఒకే గూట్లో ఒకదాని తర్వాత ఒకదానికి వస్తోందంటే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా అయ్యే అవకాశమే ఎక్కువ. గరుకు గడ్డి, పదునైన కాడలు నమిలేటప్పుడు నోట్లో గీరుకుపోతుంది, ఆ పుండులోంచి బ్యాక్టీరియా లోపలికి వెళ్లి మెడలోని లింఫ్ గ్రంథిలో చీము పట్టిస్తుంది. చిక్కేంటంటే జంతువు మామూలుగానే తింటుంది, తిరుగుతుంది, అందుకే మనం పట్టించుకోం, ఈలోగా గడ్డ పగిలి చీమంతా గూట్లో పడి మిగతావాటికి అంటుకుంటుంది. గడ్డ ఉన్నవాటిని ఇవాళే వేరు చెయ్యి.

అయినా చూసి తేల్చెయ్యకు, పంటి వేరు దగ్గర చీము పట్టినా దవడ ఇలాగే ఉబ్బుతుంది. పగలకముందే డాక్టరు సూదితో చీము తీసి ల్యాబుకి పంపాలి. స్ట్రెప్టోకాకస్ అయితే మైక్రోస్కోప్ కింద గుండ్రటి కణాలు పూసల దండలా వరసగా కనిపిస్తాయి, కల్చర్ చేస్తే, అంటే ల్యాబులో ఆ చీములోని బ్యాక్టీరియాని పెంచి చూస్తే, అది ఏ బ్యాక్టీరియానో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. మందు ముందే పడితే కల్చర్‌లో ఏమీ పెరక్కపోవచ్చు.

కోళ్ల కోసం తెచ్చిన యాంటీబయాటిక్ పౌడర్ మిగిలిందన్నావు, దాని జోలికి పోవద్దు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్ లాంటివి పడితే గినీపిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి క్లాస్ట్రిడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరుగుతుంది, విరేచనాలై కొద్ది రోజుల్లోనే జంతువు పోతుంది. రోగం కంటే ఈ మందులే ఎక్కువ ప్రాణాలు తీస్తాయేమో అని నా భయం.

ముక్కు కారడం, ఎగశ్వాస ఉంటే బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియాని అనుమానించు. అదే షెడ్డులో కుందేళ్లుంటే అవి ఆరోగ్యంగా కనిపిస్తూనే దాన్ని మోస్తుంటాయి, రెంటినీ కలిపి పెంచొద్దు. చూలువాటికి కడుపు పోతున్నా, ఉన్నట్టుండి చస్తున్నా సాల్మొనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా కావచ్చు, విరేచనాలు లేవు కదా అని ధీమా పడకు. చచ్చినదాన్ని పాతిపెట్టెయ్యకు, కవర్లో చుట్టి ఐసు మధ్య పెట్టి అదే రోజు గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లు. ఫ్రీజర్లో గడ్డకట్టించొద్దు, కణజాలం పాడై పరీక్షకి పనికిరాదు. కోసి చూస్తే ప్లీహం ఉబ్బి, కాలేయం మీద తెల్లటి చుక్కలు ఉంటే వాళ్లకి సగం దారి దొరికినట్టే.

కుంటుతూ, ముట్టుకుంటే కీచుమంటూ, చిగుళ్లలో రక్తం వస్తుంటే మాత్రం అది బ్యాక్టీరియా కాకపోవచ్చు, విటమిన్ సి లోపం. మనలాగే అవీ దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేవు, నిలవున్న దాణాలో ఉన్నదీ తగ్గిపోతుంది. రోజూ జామకాయ ముక్కో, క్యాప్సికమో వెయ్యి.

వారానికోసారి ఒకే వేళకి కిచెన్ స్కేల్ మీద ఒక్కోదాన్నీ తూచి రాసుకో, చాలాసార్లు పైకి ఏమీ కనపడకముందే బరువు తగ్గుతుంది. చేతికి గ్లౌజులు లేకుండా చీము ముట్టుకోకు, ఈ బ్యాక్టీరియాలు మనుషులకీ అంటుకోవచ్చు, పిల్లల్ని షెడ్డులోకి రానివ్వకు. దాణా బస్తాల దగ్గర ఎలుకలు తిరక్కుండా మూతల డ్రమ్ములు పెట్టు.

రేపు పొద్దున్నే కాలేజీకి ఫోన్ చేసి, వాళ్లు రమ్మన్న టైముకి వెళ్లు. తీసుకెళ్లే డబ్బా మీద తేదీ, గూడు నంబరు, వయసు, ఇప్పటిదాకా వేసిన మందు ఏదైనా ఉంటే దాని పేరు కూడా రాయి.

మీ పెదనాన్న