విలియం బోవరీ ఎవరో అభిమానులు ఎలా కనిపెట్టారు?

టేలర్ స్విఫ్ట్ ‘ఫోక్‌లోర్’ ఆల్బమ్‌లో ‘ఎగ్జైల్’, ‘బెట్టీ’ పాటలకు సహరచయితగా కనిపించిన విలియం బోవరీ అసలు పేరు జో ఆల్విన్. బ్రిటిష్ నటుడు, అప్పట్లో ఆమె ప్రియుడు.

2020 జులైలో ఆల్బమ్ వచ్చేదాకా ఆ పేరు ఎవరూ విని ఎరుగరు. 2016లో స్విఫ్ట్ కూడా నీల్స్ షోబెరి అనే మారుపేరుతో ఒక పాట రాసింది కాబట్టి అభిమానులు వెంటనే కూపీ లాగారు. జో ముత్తాత విలియం ఆల్విన్ పేరున్న స్వరకర్త, బ్రిటిష్ సినిమాలెన్నింటికో సంగీతం ఇచ్చాడు. ‘విలియం’ అక్కడిదేనన్నారు. ‘బోవరీ’ని న్యూయార్క్‌లో అదే పేరున్న హోటల్‌కు ముడిపెట్టారు. నా దృష్టిలో ముత్తాత ఆధారమే అసలైన పరిశోధన, మెచ్చుకోవలసిందే.

నవంబరులో వచ్చిన డాక్యుమెంటరీలో స్విఫ్ట్ స్వయంగా గుట్టు విప్పింది. ‘ఎగ్జైల్’ పియానో బాణీ జోదేనని చెప్పింది. 2022లో జో కూడా వివరించాడు: విలియం ముత్తాత పేరే, బోవరీ మాత్రం హోటల్ కాదు, న్యూయార్క్‌లో తాను ఎక్కువగా తిరిగిన పేట. తమ బంధం గురించిన చర్చ కన్నా ముందు జనం పాట వినాలనే పేరు దాచామన్నాడు.