పాదం ఎక్కడ ఆగాలి? కరీబియన్‌లో సాల్సా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: బెంజ్ సర్కిల్ దగ్గర మూడు నెలలు సాల్సా క్లాసుకి వెళ్లాం, నేనూ మావారూ. జనవరిలో న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం. తనూ మా మరదలూ కూడా వస్తారట, నలుగురం ఓ వారం కరీబియన్ వెళ్లి కొంచెం నేర్చుకుని, రాత్రిళ్లు డ్యాన్స్ చేయాలని ఉంది. హవానానా, సాంతో దొమింగోనా, సాన్ హువానా? తమ్ముడి హెచ్1బి స్టాంపు గడువు మాత్రం అయిపోయింది.
— ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జ: మీ తమ్ముడి పాస్‌పోర్టే ఊరు తేల్చేసింది: సాన్ హువాన్. అది ఉన్న ప్యూర్టోరికో అమెరికా భూభాగమే కాబట్టి నెవార్క్‌లో ఎక్కి అక్కడ దిగితే అది దేశంలోపలి ప్రయాణం. తిరిగొచ్చేటప్పుడు స్టాంపుతో పని లేదు. అయినా పాస్‌పోర్టు, ఐ-797 కాగితం (హెచ్1బి ఆమోదపత్రం) వెంట పెట్టుకోమనండి. అదే దొమినికన్ రిపబ్లిక్‌లోని సాంతో దొమింగో వెళ్తే కొత్త స్టాంపు పడేదాకా ఆయనకి తిరుగు దారి మూసుకుపోతుంది. ఇక హవానా ఉన్న క్యూబా. ఉత్త విహారానికి అక్కడికి వెళ్లడానికి అమెరికాలో నివాసం ఉంటున్నవాళ్లకి చట్టం ఒప్పుకోదు. పైగా 2024 అక్టోబరులో ఆ దేశమంతటా ఒక్కసారిగా కరెంటు పోయింది, ఆ తర్వాతా పలుమార్లు అదే జరిగింది. నేర్చుకోవడానికి హవానాని మించిన ఊరు లేదనే మేమూ అంటాం. కానీ అది తీరిక ఉన్నవాళ్లు, టార్చిలైటూ పవర్ బ్యాంకూ చేతిలో నగదూ పెట్టుకుని వెళ్లాల్సిన చోటు. వారం రోజుల కుటుంబ ప్రయాణానికి కుదిరేది కాదు.

జనవరి అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఆ నెల మూడో వారాంతంలో పాత సాన్ హువాన్‌లో సాన్ సెబాస్తియాన్ వీధి పండగ జరుగుతుంది. గురువారం నుంచి ఆదివారం దాకా ఇసకేస్తే రాలని జనం. చూడ్డానికి బాగుంటుంది, డ్యాన్స్‌కి మాత్రం మోచెయ్యి తిప్పే చోటుండదు, గదుల అద్దెలూ ఆకాశంలో ఉంటాయి. ముందు వారమో తర్వాతి వారమో వెళ్లండి. ఆదివారం దిగి, సోమ మంగళ బుధవారాలు సాయంత్రం గంట చొప్పున ఒకే టీచర్ దగ్గర నేర్చుకుని, గురువారం రాత్రి సాంతుర్సేలోని లా ప్లాసీతాకి వెళ్లండి. పగలు అది మన కాళేశ్వరరావు మార్కెట్ లాంటి పళ్లూ కూరగాయల మార్కెట్. గురు, శుక్ర, శని రాత్రిళ్లు చుట్టుపక్కల బార్లన్నీ వీధిలోకి వచ్చేస్తాయి. నేల మామూలు రోడ్డే, జనం ఎక్కువే, కాబట్టి పెద్ద పెద్ద తిప్పుళ్లు వద్దు, చిన్న అడుగులు చాలు. పాత ఊళ్లో సాన్ సెబాస్తియాన్ వీధిలోని లా ఫాక్తోరియా అనే బారు వెనక గదుల్లో ఒకదాంట్లో కూడా సాల్సా నడుస్తుంది.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో సామాన్లకి వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుంది. మామిడిపళ్లు మూటగట్టుకుని రావద్దు.

ప్ర: వెస్టిండీస్‌లో క్రికెట్ చూడ్డానికి బార్బడోస్, ట్రినిడాడ్ వెళ్తున్నాం, ఐదుగురు స్నేహితులం. పనిలో పనిగా సాల్సా నేర్చుకుందామని. అక్కడ క్లాసులు ఎక్కడ?
— అరండల్‌పేట, గుంటూరు

జ: మీరు వెళ్లే దీవులు వేరు, సాల్సా దీవులు వేరు. బార్బడోస్‌లో, ట్రినిడాడ్‌లో సోకా. జమైకాలో డ్యాన్స్‌హాల్, మార్టినిక్, గ్వాదలూప్‌లలో జూక్, హైతీలో కొంపా. సాల్సాకి స్పానిష్ మాట్లాడే చోటికే వెళ్లాలి: క్యూబా, ప్యూర్టోరికో, దొమినికన్ రిపబ్లిక్, కొలంబియా తీరంలోని కార్తహేనా. ట్రినిడాడ్‌లో సోకా రాత్రికి వెళ్లండి, క్లాసు అక్కర్లేదు, పక్కవాళ్లని చూసి ఊగితే చాలు.

అంతకన్నా ముఖ్యమైంది టీకా. ట్రినిడాడ్, కొలంబియా, పనామా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలుగా మన ప్రభుత్వం జాబితాలో ఉన్నాయి. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు సర్టిఫికెట్ లేకుండా ఇండియాలో దిగితే ఆరు రోజుల వరకు విడిగా ఉంచేస్తారు. టీకా కనీసం 10 రోజుల ముందు పడాలి, పసుపుపచ్చ పుస్తకంలో ముద్ర ఉండాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. టికెట్ కొన్న రోజే ఈ పని పెట్టుకోండి.

ప్ర: క్లాసులో మాస్టారు వన్-టూ-త్రీ అంటుంటే బాగానే పడుతుంది. పాట ఒక్కటే మోగితే ఒకటి ఎక్కడుందో తెలియదు. బ్యాండ్ ముందు నిలబడి తెల్లమొహం వేయాల్సిందేనా?
— ఓ పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జ: మీ చెవి తప్పు కాదు, అలవాటు తప్పు. సినిమా పాటల్లో ఒకటో దెబ్బ బరువుగా పడుతుంది, మనం దానికోసమే కాచుకుని ఉంటాం. సాల్సాలో బేస్ గిటార్ సరిగ్గా అక్కడే మోసం చేస్తుంది. అది సాధారణంగా ఒకటిని వదిలేసి, రెండుకీ మూడుకీ మధ్యలో ఒకటి, నాలుగు మీద ఒకటి వాయిస్తుంది. ఆ నాలుగో స్వరమే సాగి తర్వాతి ఒకటి మీదుగా వెళ్లిపోతుంది. బేస్‌ని నమ్మి అడుగేసినవాళ్లు ఒక దెబ్బ ముందే దిగిపోతారు. జోడీ చెయ్యి లాగినట్టు అనిపిస్తుందని చాలామంది అంటారే, అందులో ఎక్కువ భాగం ఇదే.

నమ్మాల్సింది కొంగాని, అంటే నిలువుగా పెట్టి చేతులతో వాయించే ఎత్తైన డ్రమ్ముని. అందులో రెండో దెబ్బ మీద ఒక పొడి చప్పుడు, నాలుగు మీదా నాలుగున్నర మీదా గుమ్మెట మోతలాంటి రెండు దెబ్బలు వినిపిస్తాయి: తుమ్-తుమ్. ఆ వెంటనే వచ్చేది ఒకటో, ఐదో. ఏదో తెలియకపోయినా కంగారు లేదు, ఐదుని ఒకటి అనుకుని మొదలెడితే జోడీ కూడా మీతోనే వస్తుంది, అడుగులు ఢీకొనవు. కొంపలేమీ మునగవు.

సంగీతం క్లాసుకి వెళ్లిన ఇంట్లో పుట్టినవాళ్లయితే ఇంకా తేలిక. ఆది తాళం వేయండి, ఎనిమిది అక్షరాలూ సరిపోతాయి. చరుపు, చిటికెన వేలు, ఉంగరపు వేలు: మూడు అడుగులు. మధ్య వేలి దగ్గర పాదం ఆగుతుంది. మళ్లీ చరుపు, విసురు, చరుపు: మూడు అడుగులు. ఆఖరి విసురు దగ్గర ఆగుతుంది. ఎనిమిదింట్లో ఆరే అడుగులు, నాలుగు, ఎనిమిది ఖాళీ. ఆ ఖాళీలో ఊరుకోలేక అడుగేసేయడమే కొత్తవాళ్లందరూ చేసే తప్పు.

ఆ ఎనిమిది లెక్కల మీదే క్లావే అనే రెండు కర్రల చప్పుడు ఉంటుంది. మూడు-రెండు క్లావే అయితే ఒకటి, రెండున్నర, నాలుగు, ఆరు, ఏడు. తిరగేస్తే రెండు-మూడు: రెండు, మూడు, ఐదు, ఆరున్నర, ఎనిమిది. డ్యాన్స్‌కి ఇది తప్పనిసరి కాదు, కానీ వారం రోజులు చప్పట్లతో వేస్తే చెవి తెరుచుకుంటుంది.

సాల్సా పాటలు మామూలుగా నిమిషానికి 160 నుంచి 220 దెబ్బల మధ్య నడుస్తాయి. 180 ఉన్న పాటని యూట్యూబ్‌లో 0.75 వేగంలో పెడితే 135కి దిగుతుంది. రోజూ పది నిమిషాలు కాళ్లు కదపకుండా కూర్చుని, తుమ్-తుమ్ వచ్చినప్పుడల్లా తొడ మీద తట్టండి. రెండు వారాల తర్వాత లేచి నిలబడండి. అక్కడికి వెళ్లాక స్పీకర్ల దగ్గర కాకుండా కొంగా వాయించే మనిషి కనిపించేచోట నిలబడండి. చెవి తప్పినా ఆయన చేతులు చెప్తాయి.

ప్ర: నాకు అమెరికా బి2 వీసా ఉంది. సాంతో దొమింగోలో పది రోజులు, మరో సంవత్సరంలో హవానా ప్రయాణం అనుకుంటున్నా. నెట్‌లో వెతికితే హోటల్ ప్యాకేజీలే వస్తున్నాయి. మంచి క్లాసు ఎలా పట్టుకోవాలి?
— బ్రాడీపేట, గుంటూరు

జ: మీ బి2 చెల్లుబాటులో ఉంటే దొమినికన్ రిపబ్లిక్‌కి విడిగా వీసా అక్కర్లేదు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆన్‌లైన్‌లో ఈ-టికెట్ ఫారం నింపాలి, అది ఉచితం. డబ్బులడిగే సైట్ కనిపిస్తే అది సర్కారుది కాదు.

వెతికే మాట మార్చండి. సాల్సా అని కొడితే టూరిస్టు సరుకే వస్తుంది. క్యూబావాళ్లు తమ డ్యాన్స్‌ని కాసినో అంటారు, హవానాలోని కాసినో దెపోర్తీవో అనే క్లబ్బు నుంచి ఆ పేరొచ్చింది. ఉత్త కాసినో అని కొడితే జూదశాలలు వస్తాయి (1959 విప్లవం తర్వాత క్యూబాలో అవి లేవు, అయినా గూగుల్‌కి అదే ధ్యాస). రుయెదా దె కాసినో అని కొట్టండి. మిగతా చోట్ల బైలే సోసియాల్ (నలుగురూ కలిసి చేసే డ్యాన్స్), క్లాసెస్ దె బైలే (డ్యాన్స్ క్లాసులు) పక్కన ఊరి పేరు చేర్చి ఇన్‌స్టాగ్రామ్‌లో చూడండి. మూడు వారాల కిందటి పోస్టు నమ్మొద్దు, ఈ వారానిదే చూడాలి.

దొరికాక వాట్సాప్‌లో డబ్బు మాటకన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి. నేర్పేది ఏ పద్ధతి? ఒకటి మీద కాలు ముందుకేసేది ఆన్ వన్, రెండు మీద వేసేది ఆన్ టూ, ఈ రెండూ ఒక గీత వెంబడి నడుస్తాయి, కాసినో జోడీ చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. మీకు ఒకటి వచ్చి వాళ్లు ఇంకోటి నేర్పితే మొదటి రెండు గంటలూ మర్చిపోవడానికే సరిపోతాయి. తర్వాత, ధర మనిషికా జోడీకా, జోడీ లేకపోతే వాళ్లిస్తారా. ఆఖరి పది నిమిషాలు లెక్కపెట్టకుండా పూర్తి పాటకి డ్యాన్స్ చేయిస్తారా. ఈ చివరిదానికి తడబడితే వదిలేయండి. క్లాసులో లెక్క చెప్పే మనిషి బారులో ఉండడు.

మొదటి గంటకి మాత్రమే డబ్బు కట్టండి. పది గంటల ప్యాకేజీ మీద తగ్గింపు ఇస్తామంటారు, మూడో గంటకి టీచర్ మారిపోతాడు. క్లాసు చివర్లో నేర్చుకున్నదాన్ని నిమిషం వీడియో తీసుకోండి, వాళ్లు వద్దనరు. ఆశపడి ఇరవై తిప్పుళ్లు నేర్చుకోవద్దు. కాసినోలో అయితే గ్వాపేయా అనే మూల అడుగు, దీలె కె నో, ఎంచూఫ్లా, ఆడవాళ్ల కుడి తిప్పుడు, ఈ నాలుగూ లెక్క పోకుండా వస్తే రాత్రంతా గడుస్తుంది. రుయెదాలో జోడీలన్నీ గుండ్రంగా నిలబడితే ఒకరు అరుస్తుంటారు. దామె అంటే జోడీ మార్చమని. మిగతా అరుపులు అర్థం కాకపోతే గ్వాపేయాలో ఉండి, దామెకి మాత్రం తప్పకుండా కదలండి. మీరు కదలకపోతే చక్రమంతా ఆగిపోతుంది.

సాంతో దొమింగోలో సాల్సా ఉన్నా ఊరి ఊపిరి మెరెంగే, బచాటా అనే అక్కడి డ్యాన్సులే. యునెస్కో మెరెంగేని 2016లో, బచాటాని 2019లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మొదటి రాత్రి మెరెంగేతోనే నేల మీదకి దిగండి, దెబ్బకో అడుగు, ఖాళీ లేదు, తప్పడానికి వీల్లేదు. బచాటాలో మూడు అడుగులు, నాలుగో దెబ్బకి చిన్న తట్టు. మన ఊళ్లలో నేర్పే, ఒంటిని అలల్లా వంచే బచాటా అక్కడ పెద్దగా కనిపించదు. అడుగు చదరంగా తిరుగుతుంది, పని పాదాలదే.

ప్ర: స్పోర్ట్స్ షూ సరిపోతాయా? రెండు జతలు మోయాలా?
— ఓ పాఠకురాలు, మంగళగిరి

జ: స్పోర్ట్స్ షూ వద్దు. రబ్బరు సోల్ నేలని పట్టేస్తుంది, ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలి అంతా మోకాలికి వెళ్తుంది. స్వేడ్ (గరుకు తోలు) సోల్ ఉన్న డ్యాన్స్ షూ చెక్కనేలకి, గదిలోపలి టైల్సుకి. వీధిలో, తడి నేల మీద అది ఒక్క రాత్రిలో పాడవుతుంది. రెండో జతగా నున్నటి తోలు సోల్ ఉన్న పాత చెప్పులు చాలు. కొత్తవి కొనకుండా, పాత షూకి స్వేడ్ ముక్క అతికించమని చెప్పులు కుట్టే అతన్ని అడిగితే తక్కువలో అయిపోతుంది. షూ మడమ (హీల్) రెండు అంగుళాలు దాటకూడదు, కింద కొంచెం వెడల్పు ఉండాలి. పాత సాన్ హువాన్ నీలి రాళ్ల వీధుల్లో మడమ సందుల్లో దిగుతుంది. అక్కడ ఒంటికాలి మీద గిర్రున తిరక్కుండా మూడు అడుగుల్లో నడిచి తిరగండి.

ప్ర: మావారు డ్యాన్స్ చేయరు. ఎవరో వచ్చి నన్ను అడిగితే ఏం చేయాలి? ఆయన మొహం చూస్తే నాకే భయం.
— పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు

జ: అక్కడ ఒక పాట అంటే ఒక పాటే. తెలియనివాళ్లని అడగడం మర్యాద కిందే లెక్క, ఆడవాళ్లూ మగవాళ్లని అడుగుతారు. పక్కన మీవారు కూర్చుని ఉంటే చాలామంది ముందు ఆయన వైపు చూసి తలూపుతారు, ఆ తర్వాతే మీ వైపు చెయ్యి చాస్తారు. ఈ సంగతి ఆయనకి ముందే చెప్పి ఉంచండి. పాట అయ్యాక మిమ్మల్ని కుర్చీ దాకా దిగబెట్టి వెళ్లిపోవాలి. ఇష్టం లేకపోతే నవ్వి, ఆవోరా నో, గ్రాసియాస్ అనండి, ఇప్పుడు కాదు, థాంక్స్ అని. ఇంకో వివరణ అక్కర్లేదు. కానీ వద్దన్న పాటకే ఇంకొకరితో లేవకండి, అది మాత్రం అవమానంగా తీసుకుంటారు. మరీ దగ్గరగా లాగితే మీ ఎడమ అరచెయ్యి అతని కుడి భుజం ముందుకి తెచ్చి ఆపండి, మోచెయ్యి వదులు చేయొద్దు. ఎంత దగ్గర అనేది ఆ చెయ్యే చెప్తుంది. అయినా వినకపోతే పాట మధ్యలో వదిలేసి వచ్చేయండి.