టెక్ సందేహాలు: బ్యాటరీ వైరు తీశాం కదా సార్, ఈసీయూ ఎలా పోయింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఫోన్ గోలలు పక్కన పెడితే మిగిలినవన్నీ లారీల మీదే. కథ కూడా ఒకటే. వెల్డింగ్ షెడ్డులోకి బాగానే వెళ్లిన బండి, బయటికి మాత్రం ఇంకో బండి లాగితే వచ్చింది.

ప్రశ్న: మాది బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) టిప్పర్. తొట్టి అడుగున పగులు వస్తే వెల్డింగ్ చేయించాం. ముందే బ్యాటరీ ప్లస్ వైరు తీయించాను. అయినా స్టార్ట్ చేయగానే చెక్ లైటు, ఏబీఎస్ (చక్రాలు జారకుండా చూసే బ్రేకు వ్యవస్థ) లైటు వెలిగాయి. బండి లాగట్లేదు. ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటర్) పోయిందంటున్నారు. బ్యాటరీ తీశాక కూడా ఎలా పోతుంది? (జగ్గయ్యపేట నుంచి ఒక లారీ యజమాని)

మీరు పంపిన వీడియోలో డ్యాష్‌బోర్డు లైట్లు చక్కగా కనబడుతున్నాయి. నాకు కావాల్సింది మాత్రం వీడియో చివర్లో రెండు సెకన్లే ఉంది. వెల్డింగ్ జరుగుతున్నది బండి వెనక. ఎర్త్ క్లాంపు పట్టి ఉన్నది ముందు బంపరుకి.

వెల్డింగ్ మిషన్‌కి మీ బ్యాటరీతో పనిలేదు, దాని కరెంటు దానిదే. రాడ్డు నుంచి దిగిన కరెంటు ఎర్త్ క్లాంపు దాకా ఎలాగోలా చేరాలి. ఆ రెంటికీ మధ్య మొత్తం ఛాసిస్ (బండి ఇనుప చట్రం) పరిచి పెట్టారు. 150 ఆంపియర్ల కరెంటుకి దారిలో ఓంలో నూరో వంతు నిరోధం తగిలినా 1.5 వోల్టుల తేడా వస్తుంది. తుప్పు పట్టిన జాయింటు ఉంటే ఇంకా ఎక్కువ. మీ సెన్సర్లు పనిచేసేదే 5 వోల్టుల మీద. ఛాసిస్‌కి ఒకచోట ఏబీఎస్ బాక్సు, ఇంకోచోట ఇంజిన్ ఈసీయూ, సైలెన్సర్ దగ్గర నాక్స్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు) కొలిచే సెన్సర్ తాలూకు చిన్న డబ్బా, అన్నీ ఎర్త్ అయి ఉంటాయి. ఛాసిస్‌లో దారి బాగోకపోతే కరెంటు వాటి సన్న వైర్లలోంచి దూరిపోతుంది. 150 ఆంపియర్లలో కొద్ది భాగం అటు మళ్లినా చాలు.

ఇక బ్యాటరీ సంగతి. ప్లస్ తీశారు, ఛాసిస్‌కి కలిసిన మైనస్ వదిలేశారు. తీయాల్సింది ముందు మైనస్, ఆ తర్వాత ప్లస్. బిగించేటప్పుడు మైనస్ చివర. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలు వరసగా ఉంటాయి కాబట్టి ఛాసిస్‌కి వెళ్లే మైనస్ ఏదో చూసి మరీ విప్పాలి. అయితే రెండు వైర్లూ తీసినా మీ బండి బతికేదని నేను చెప్పలేను. ఆ క్లాంపు అక్కడే ఉంటే ఈసీయూల ఎర్త్ వైర్లూ అక్కడే ఉన్నాయి మరి.

క్లాంపు వెల్డింగ్ చోటుకి జానెడు దూరంలో, పెయింటు గీకిన ఇనుము మీద పట్టాలి. మధ్యలో బేరింగు, కమాన్ కట్ట, గేర్‌బాక్సు రాకూడదు. ఈసీయూ, ఏబీఎస్, యూరియా (పొగని శుభ్రం చేసే ద్రవం) పంపుల కనెక్టర్లు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పేయాలి. పక్కనే నైలాన్ బ్రేకు పైపులుంటే వేడి తగలకుండా చూడాలి. ఇంత హంగామా ఎందుకనుకుంటే ఆ ముక్కని బోల్టులు విప్పి, కిందికి దించి అతికించుకోండి.

ఒక షెడ్డులో నేనే నిలబడి చూశాను. కుర్రాడు క్లాంపుని కమాన్ కట్టకి తగిలించి, ముందు టైరు దగ్గర పని మొదలుపెట్టాడు. ఎందుకు బాబూ అంటే, "వైరు అక్కడిదాకే వస్తుంది సార్" అన్నాడు. ఇంకో పది అడుగుల కేబుల్ కొనని ఓనరుని వదిలేసి నేను ఆ కుర్రాణ్ని ఏమని తిట్టను?

నా అసలు కోపం బండ్లు డిజైన్ చేసేవాళ్ల మీద. బీఎస్-6 దేశమంతా వచ్చింది 2020 ఏప్రిల్ 1న. బండినిండా కంప్యూటర్లు పెట్టారు. వెల్డింగ్ ముందు ఏవి విప్పాలో మాత్రం ఇంగ్లిష్ మాన్యువల్లో ఎక్కడో ఒక పేరా. ఆ పుస్తకం సీటు కింద పాలిథిన్ కవర్లో భద్రంగా ఉంటుంది. బ్యాటరీ పెట్టె మీద తెలుగులోనో, కనీసం బొమ్మల్లోనో ఒక స్టిక్కరు వేస్తే ఏం పోయింది? బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ ఉంది కదా అంటారేమో, కొన్ని బండ్లలో అది తిప్పినా కొన్ని లైన్లు బతికే ఉంటాయి. పైగా ఇంజిన్ ఆపి తాళంచెవి తీసిన వెంటనే స్విచ్ తిప్పకూడదు. యూరియా పంపు పైపుల్లో మిగిలినదాన్ని వెనక్కి లాగి ట్యాంకులో వేసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆగకపోతే అది పైపుల్లోనే గడ్డకడుతుంది.

మీ ఈసీయూ నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకోండి. ఫ్యూజులు, ఎర్త్ బోల్టులు చూడండి. బ్యాటరీ తీసి క్యాన్ లైను (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను) రెండు వైర్ల మధ్య మల్టీమీటరు పెడితే 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 120 చూపిస్తే ఎక్కడో ఒక కొస తెగింది. దానికి కొత్త ఈసీయూ అక్కర్లేదు.

ప్రశ్న: పికప్ మీద డీజిల్ వెల్డింగ్ సెట్ పెట్టుకుని గేట్లు, షెడ్ల పనులకి తిరుగుతాను. ఆర్క్ కొట్టగానే బండి స్టీరియో గరగరమంటుంది, రివర్స్ కెమెరా తెర వణుకుతుంది. రోజూ బ్యాటరీ విప్పాలా? (నల్గొండ)

అక్కర్లేదు. మీరు అతికేది గేటుని, బండిని కాదు. బండి ఆ కరెంటు దారిలోకి రాకుండా చూసుకుంటే చాలు. క్లాంపు గేటుకే పట్టండి. మీలాంటివాళ్లు చేసే తప్పు ఇంకోటుంది. పైపు ముక్కని పికప్ వెనక డోరు మీద పడుకోబెట్టి అక్కడే అతికేస్తారు. ఆ క్షణం బండి కూడా వెల్డింగ్ టేబులే. కింద ఒక చెక్క స్టాండు పెట్టుకోండి.

గరగర కేబుళ్ల వల్ల. మిగిలిన కేబుల్ని చుట్ట చుట్టి బండిలో పడేస్తే అది పెద్ద కాయిల్. హోల్డరు కేబుల్, ఎర్త్ కేబుల్ రెండూ జతగా, పక్కపక్కనే పరవండి. హై ఫ్రీక్వెన్సీ స్టార్ట్ (తాకకుండానే ఆర్క్ పుట్టించే పద్ధతి) ఉన్న టిగ్ వెల్డింగ్ మిషన్ అయితే బండిని ఇంకా దూరంగా ఆపండి. బండి తాళంచెవి తీసేయండి, పాటలు తర్వాత వినొచ్చు. ఒక్కమాట: సెట్ ఫ్రేముకీ బండి ఛాసిస్‌కీ కలిపిన ఎర్త్ వైరుని మాత్రం తీయకండి. సెట్‌కి ఉన్న 230 వోల్టుల సాకెట్లో గ్రైండరు పెట్టి వాడుతుంటారు కదా, షాక్ నుంచి కాపాడేది అదే.

బ్యాటరీకి తగిలించే సర్జ్ ప్రొటెక్టర్ కొనమంటారా అని కూడా అడిగారు. వోల్టేజి ఎగిరినప్పుడు అది కొంత అణుస్తుంది. దారి తప్పిన కరెంటుని ఆపదు.

ప్రశ్న: వెల్డింగ్‌లో పాత జీపీఎస్ ట్రాకర్ పోయింది. మెకానిక్ చవగ్గా కొత్తది వేశాడు. ఫోన్ నుంచే ఇంజిన్ ఆపొచ్చట. పాస్‌వర్డ్ 123456. మార్చాలా? (సూర్యాపేట)

మార్చాలా అని అడిగారు చూడండి, ఈ వారం నాకు నిద్ర లేకుండా చేసింది ఆ ఒక్క ప్రశ్నే.

ఇంజిన్ ఆపే రిలే (ఫోన్ కమాండుతో కరెంటు తెంపే స్విచ్) అంటే మీ బండి తాళంచెవికి ఇంకో కాపీ చేసి ఇంటర్నెట్లో వేలాడదీయడం. 2022 జులైలో అమెరికా సైబర్ భద్రత సంస్థ సీసా (CISA) సరిగ్గా ఇలాంటి ట్రాకర్ ఒకదాని మీద హెచ్చరిక ఇచ్చింది. ఆ కంపెనీ ట్రాకర్లు 169 దేశాల్లో 15 లక్షల దాకా వాడుకలో ఉన్నాయని అప్పటి లెక్క. ఆ ట్రాకర్ డీఫాల్ట్ పాస్‌వర్డ్ కూడా 123456. మార్చినా లాభం తక్కువే, ఎందుకంటే కొన్ని ఎస్సెమ్మెస్ కమాండ్లకి పాస్‌వర్డే అడగదు. మీ సిమ్ నంబరు తెలిసినవాడు ఎక్కడో కూర్చుని, ఘాట్ దిగుతున్న బండికి ఇంజిన్ ఆపేయొచ్చు. స్టీరింగ్‌కి పవర్ ఉండదు. లోడుతో ఉన్న లారీని ఆ వంపులో ఎలా తిప్పుతారు? దొంగ సంగతి అలా ఉంచండి, ఉద్యోగం మానేసిన పాత సూపర్‌వైజర్ ఫోన్లో ఆ యాప్ ఇంకా ఉందేమో చూశారా?

ఆ మెకానిక్కే చెక్ లైటు ఆర్పడానికి ల్యాప్‌టాప్ కూడా తెచ్చి ఉంటాడు. అందులోది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. దాన్ని నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది, ఆయనా ఆపేస్తాడు. ఆ ల్యాప్‌టాప్‌ని వైరుతో మీ ఈసీయూకి కలుపుతాడు. పెన్‌డ్రైవ్ పెట్టాలంటే భయపడే మనిషి, పాతిక టన్నుల బండి మెదడుని దానికి అప్పగిస్తాడు!

ఈ రోజే ట్రాకర్ పాస్‌వర్డ్ మార్చండి, మీ నంబరు ఒక్కటే కమాండ్లు పంపేలా పెట్టండి. అలా పెట్టే వీలు అందులో లేకపోతే ఆ రిలే తీయించేయండి. బండి ఎక్కడుందో చూపించడానికి రిలేతో పనిలేదు. తీసేటప్పుడు కోసిన వైర్లని టంకం వేసి, స్లీవ్ తొడిగించండి. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే తొలి వానకే మళ్లీ చెక్ లైటు వెలిగిందని నాకు రాస్తారు.