స్లాబు మారుతుందని హైక్ వద్దనకండి, కానీ 12.75 లక్షల దగ్గర లెక్క వేసుకోండి

మీ ప్రశ్న ఇదీ: ఏడాది జీతం 12.60 లక్షలు. కంపెనీ 13.20 లక్షలు చేస్తానంటోంది. స్లాబు దాటితే జీతం మొత్తం మీద 15 శాతం పన్ను పడుతుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. హైక్ వద్దని చెప్పాలా?

వద్దనకండి. మీకు చెప్పిన మాట తప్పు. అయితే మీరు నిలబడ్డ చోటు మాత్రం మామూలు చోటు కాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. ఇంక్రిమెంట్ లెటర్లు చేతికొచ్చిన వారంలో నా టేబుల్ దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే.

స్లాబు అంటే ఒక్కో పన్ను రేటు వర్తించే ఆదాయ భాగం. పై స్లాబు రేటు ఆ గీత దాటిన రూపాయలకే వర్తిస్తుంది. కింది రూపాయలు కింది రేట్లలోనే ఉంటాయి. డిడక్షన్లు పోగా 16 లక్షలు ఉన్న మనిషికి ఇంకో లక్ష పెరిగిందనుకోండి. 20 శాతం ఆ లక్ష మీదే పడుతుంది. పన్ను 20,000, దాని మీద 4 శాతం సెస్సు 800. మిగిలిన 79,200 ఆయనవే. స్లాబు మారినందుకు జీతం తగ్గే ప్రసక్తే లేదు.

మరి మీ దగ్గర తేడా ఏమిటంటే, అది స్లాబు వల్ల కాదు, రిబేటు వల్ల, అంటే పన్నులో ఇచ్చే మాఫీ వల్ల. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 వరకు 10 శాతం, 12 నుంచి 16 వరకు 15 శాతం. ఈ లెక్కన 12 లక్షల మీద 60,000 పన్ను రావాలి. రిబేటు ఇచ్చి ఆ 60,000 మొత్తం మాఫీ చేస్తున్నారు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి నేరుగా తీసేసే మొత్తం) కూడా ఉంది కాబట్టి 12.75 లక్షల దాకా సున్నా. ఆ పైన ఒక్క రూపాయి దాటినా రిబేటు పోతుంది. కానీ దానితోపాటే మార్జినల్ రిలీఫ్ ఉంది: 12 లక్షల పైన ఎంత ఉందో అంతకు మించి పన్ను వేయరు.

మీ అంకెలే చూద్దాం. 13.20 లక్షల్లో 75,000 తీసేస్తే 12.45 లక్షలు. స్లాబుల ప్రకారం పన్ను 66,750. రిలీఫ్ వల్ల అది 45,000కి ఆగుతుంది. సెస్సు 1,800. మొత్తం 46,800. అంటే 60,000 హైక్‌లో మీకు మిగిలేది 13,200, నెలకు 1,100. బాధగానే ఉంటుంది, నిజమే. కానీ చేతికి వచ్చేది తగ్గలేదు.

ఇంకా సూటిగా చెప్పాలంటే, 12.75 నుంచి సుమారు 13.46 లక్షల మధ్య పెరిగిన ప్రతి రూపాయీ పన్నులోకే పోతుంది. సెస్సుతో కలిపితే రూపాయికి నాలుగు పైసలు ఎదురు కూడా పడుతుంది. ఇప్పటికే సరిగ్గా 12.75 దగ్గర ఉన్నవాళ్లు 13.49 లక్షలు దాటితేనే మళ్లీ లాభం మొదలవుతుంది. ఈ మధ్యలో గరిష్ఠంగా పోయేది ఏడాదికి 2,800 చిల్లర. దానికోసం హైక్ వదులుకుంటే వచ్చే ఏడాది ఇంక్రిమెంట్, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ పాత జీతం మీదే లెక్కిస్తారు. నా దృష్టిలో అది చాలా పెద్ద నష్టం.

ఈ భయం ఊరికే పుట్టలేదు. పాత విధానంలో పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 5 లక్షలైతే సున్నా. 5,01,000 అయితే ఏకంగా 13,208. అక్కడ రిలీఫ్ లేదు. వెయ్యి పెరిగి పదమూడు వేలు కట్టినవాళ్లు ఉన్నారు, ఆ మాటే అలా పాకింది.

రెండో కారణం పేస్లిప్. మా క్యూసీ ల్యాబ్‌లో ఒక మేడమ్‌ది ఇంచుమించు మీ జీతమే. ఆమెకు హైక్ ఏప్రిల్ నుంచి వర్తించినా లెటర్ వచ్చింది అక్టోబరులో. ఏడాది పన్ను 46,800 మిగిలిన ఆరు నెలల్లో కోయాలి, నెలకు 7,800. నవంబరు జీతం పడగానే రెండు పేస్లిప్‌లు తెచ్చి నా ముందు పెట్టారు, కొత్తదానిలో టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) గడి చుట్టూ పెన్నుతో గీత. పీఎఫ్ లాంటివి పక్కన పెడితే పాతదాంట్లో 1,05,000, కొత్తదాంట్లో 1,02,200. హైక్ వచ్చాక 2,800 తగ్గింది! అక్టోబరులో 30,000 అరియర్స్ (ఏప్రిల్ నుంచి రావాల్సిన పాత బాకీ) ముందే వచ్చేశాయి కాబట్టి ఏడాది మొత్తంలో నష్టమేమీ లేదు. ఏప్రిల్ నుంచి టీడీఎస్ 3,900కి దిగి 1,06,100 అయింది. మీకూ మధ్యలో లెటర్ వస్తే ఇలాగే ఉంటుంది, టెన్షన్ పడకండి.

ఇప్పుడు అసలు పని. హెచ్‌ఆర్‌ని అడగండి: పెరిగే 60,000లో 45,000 కంపెనీ తరఫున ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకంలో వేయగలరా అని. బేసిక్, డీఏ మీద 14 శాతం దాకా కంపెనీ వేసే ఎన్‌పీఎస్‌కు కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది, మీ బేసిక్ మీద ఆ 14 శాతంలో 45,000 సులభంగా ఇమిడిపోతుంది. అప్పుడు మీ ఆదాయం సరిగ్గా 12 లక్షల దగ్గర ఆగి పన్ను సున్నా అవుతుంది. చేతికి 15,000, అంటే పన్ను కట్టి తెచ్చుకునే 13,200 కంటే ఎక్కువే, పైగా 45,000 మీ పేరున జమ. ఆ డబ్బు చాలావరకు ఏళ్ల తరబడి కదలదు. అయినా లేకపోతే పన్నుకు పోయేదే కదా.

ఒప్పుకునే ముందు రెండు చూసుకోండి. 13.20 అన్నది సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అయితే అందులో కంపెనీ పీఎఫ్ వాటా ఉండొచ్చు, దాన్ని తీసేస్తే మీరు 12.75 లోపలే ఉండవచ్చు. బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ ఉంటే అది మీ ఆదాయంలో కలుస్తుంది, ఎన్‌పీఎస్ మొత్తాన్ని ఆ మేరకు పెంచి అడగండి.