నార్ఫోక్ కౌంటీ డివిజన్ ఏడాది నిండకుండానే ఎందుకు కనుమరుగైంది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు తూర్పు తీరంలోని నార్ఫోక్ కౌంటీ (మన జిల్లా వంటిది) కాపలాకు 1940 డిసెంబరులో ఏర్పడిన బ్రిటిష్ సైనిక దళం నార్ఫోక్ కౌంటీ డివిజన్ మరుసటి ఏడాది నవంబరుకే లేకుండా పోయిందంటే, అది పనికిరాని దళమని అనుకోవచ్చా అని మీరు అడిగారు. అనుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఉద్యోగరీత్యా నార్ఫోక్‌లోని నార్విచ్ నగరంలో ఉన్న రోజుల్లో ఆ తీరం వెంట చాలా దూరం నడిచాను. లండన్‌లో క్యూ (Kew) అనే ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్ అనే ప్రభుత్వ పత్రాల భాండాగారంలో, స్వదేశ రక్షణ దళాల యుద్ధ దినచర్యలుండే డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 166 దస్త్రాలు కొన్నింటిని చదివాను.

1940లో జర్మన్ సేనలు చుట్టుముట్టిన ఫ్రాన్స్ రేవు డంకర్క్ నుంచి బ్రిటిష్ సైనికులు తిరిగి వచ్చారు గాని, వారి ఫిరంగులూ లారీలూ చాలావరకు ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాయి. ఆ వేసవిలో హడావుడిగా చేర్చుకున్న పదాతి పటాలాలను అక్టోబరు నుంచి స్వతంత్ర బ్రిగేడ్లుగా (కొన్నేసి పటాలాల సముదాయాలుగా) కూర్చి, ఆ తరువాత కొన్నేసి బ్రిగేడ్లను కలిపి కౌంటీల పేర్లతో డివిజన్లు చేశారు. మామూలు డివిజనుకు ఉండే ఫిరంగిదళం, ఇంజనీర్లు, రవాణా వీటికి నామమాత్రమే. తెలిసే అలా చేశారు: తీరాన్ని ఒకేచోట నిలబడి కాచే బాధ్యత వీరు మోస్తే, పూర్తి సామగ్రి ఉన్న డివిజన్లు వెనక్కి వెళ్లి ఎదురుదాడికి సాధన చేసుకోగలవు.

నార్ఫోక్ తీరంలోని వేబర్న్ అనే ఊరి దగ్గర గులకరాళ్ల ఒడ్డును ఆనుకునే నీళ్లు లోతు; 1588లో ఇంగ్లండు మీదికి వచ్చిన స్పెయిన్ నౌకాదళం, స్పానిష్ ఆర్మడా, కాలం నుంచీ శత్రువు అక్కడ దిగుతాడేమోనని ఇంగ్లండు భయపడిన చోటు అది. ఆ తీరంలోనే మిగిలి ఉన్న ఒక పిల్‌బాక్సులోకి (తుపాకీ సందులున్న చిన్న కాంక్రీటు కాపలా గదిలోకి) వంగి దూరాను. కాంక్రీటు పోసినప్పటి చెక్కపలకల గీతలు గోడల మీద ఇంకా చెరగలేదు. తుపాకీ సందులోంచి జానెడు ఒడ్డు, ఆపైన సముద్రం, అంతే. అలాంటి సందుకు కళ్లప్పగించి రాత్రంతా కూర్చున్న కుర్రవాళ్లలో ఎందరికో తుపాకి పట్టి ఏడాదైనా కాలేదు. వారిని పనికిరానివారనడానికి నాకు మనసొప్పదు.

1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడ్డాక దండయాత్ర భయం తగ్గింది, ఫిరంగి, టాంకు దళాలకు మనుషుల అవసరం పెరిగింది. ఆ ఏడాది ముగిసేసరికి కౌంటీ డివిజన్లు లేవు; ఇలాంటి పదాతి పటాలాలు ఎన్నో ఫిరంగి, టాంకు రెజిమెంట్లుగా మారాయి. అయితే నార్ఫోక్ విషయంలో ‘పోయింది’ అన్న మాట సరిపోదు. నవంబరు 18న దానికి 76వ పదాతి డివిజన్ అని పేరు మార్చారు. డెవన్-కార్న్‌వాల్ కౌంటీ డివిజన్ కూడా అలాగే డిసెంబరులో 77వది అయింది. అందుచేత మీరు క్యూలోని ఆర్కైవ్స్‌లో వెతకదలిస్తే, ఆ తేదీ తరువాతి కాగితాలను 76వ డివిజన్ పేరు మీద అడగండి.