తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందా?

ప్రశ్న: "తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అంటారు కదా, నిజంగా అవుతుందా? బాగా పైకొచ్చిన మనిషిని ఉద్దేశించి ఈ మాట వాడవచ్చా?

జవాబు: అవదు. రెండూ వేరువేరు జాతులు. కంచె మీద తల ఆడిస్తూ, అలికిడి వినగానే పరుగు తీసేది తొండ. దాని వేళ్లు సన్నగా, విడివిడిగా ఉంటాయి. ఊసరవెల్లి వేళ్లు రెండు కట్టలుగా కలిసిపోయి పట్టకారులా కొమ్మను బిగించి పట్టుకుంటాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. ఒక కన్ను ముందుకు చూస్తుంటే రెండో కన్ను వెనక్కి తిరగగలదు. నడక మహా నింపాది. అయితే జతకట్టే రోజుల్లో మగ తొండకు తల, గొంతు ఎర్రబడతాయి. రంగు మారే ఈ గుణమే రెండింటినీ ఒక సామెతలోకి తెచ్చిందనుకోవాలి.

ఇక వాడుక. పైకొచ్చినవారిని ఈ మాట అనకండి, అది తిట్టు. చిన్న చిన్న అబద్ధాలతో మొదలుపెట్టి నమ్మినవాళ్లనే ముంచేదాకా వెళ్లినవాణ్ణి అలా అంటారు. "ముదరడం"లోనే ఆ నింద ఉంది. బెండకాయ ముదిరితే కూరకు పనికిరాదు; రోగం ముదురుతుంది, తగాదా ముదురుతుంది. మెచ్చుకోవాలంటే "మొలక మానైంది" అనండి. చిన్నతనంలోనే ప్రతిభ చూపిన పిల్లలకైతే "పువ్వు పుట్టగానే పరిమళించినట్టు" ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి వ్యాసంలో "మోడువారిన ఆమె జీవనది మళ్లీ చిగురించింది" అని రాస్తే టీచరు కొట్టేశారు. తప్పేమిటి?

జవాబు: మోడువారేది, చిగురించేది చెట్టు. నది ఎండుతుంది, పారుతుంది, పొంగుతుంది. పైగా జీవనది అంటే ఏడాది పొడవునా నీరుండే నది, బతుకు అనే నది కాదు. "మోడువారిన ఆమె బతుకు మళ్లీ చిగురించింది" అంటే చాలు.

సరిచూసుకోవడానికి వాక్యాన్ని ఉపమలోకి, అంటే పోలిక చెప్పే వాక్యంలోకి మార్చమనండి: "ఆమె బతుకు మోడులా చిగురించింది". బతుకు ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), మోడు ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), "లా" ఉపమావాచకం (పోలికను తెలిపే మాట), చిగురించడం సమానధర్మం (రెండింటికీ ఉన్న గుణం). ఉపమానం దగ్గర "నది" పెట్టి చూస్తే సమానధర్మం అతకదు, తప్పు అక్కడే బయటపడుతుంది.

ఇంకొక్క మాట. భర్త పోయిన స్త్రీని "మోడు" అనడం పాత కథల్లో కనిపిస్తుంది. ఆ వాడుక మాత్రం పిల్లలకు అంటనివ్వకండి. ఒక మనిషి జీవితం అయిపోయిందని తీర్పు చెప్పే మాట అది.

ప్రశ్న: "మొక్కై వంగనిది మానై వంగునా" చివర "వంగదు కదా" అని చేర్చాలా?

జవాబు: అక్కర్లేదు. "వంగునా" అన్న ప్రశ్నలోనే వంగదన్న జవాబుంది. ఇక్కడ "మాను" అంటే పెద్ద చెట్టు. మాటల్లో "వంగుతుందా" అన్నా తప్పు లేదు.