ఉత్తర ఘనా పల్లెకు వెళ్తున్నారా, ముందు పలకరింపు నేర్చుకోండి

"ఉత్తర ఘనాలో తమలే నగరం దగ్గర ఒక పల్లెలో నెల రోజులు ఉండాల్సిన పని పడింది. ఏ మందులు, ఏ తిండి పట్టుకెళ్ళాలి? భయం లేదా?" అని ఒకరు అడిగారు. మందులు, తిండి సంగతి కింద రాస్తాను. ముందు పలకరింపు గురించి చెప్పనివ్వండి. నేను అక్కడ బోరు బండి మీద రెండేళ్ళు పనిచేశాను, నాకు దెబ్బ తగిలింది ఆ ఒక్క విషయంలోనే.

2016 ఫిబ్రవరి. సహారా నుంచి వీచే హర్మటాన్ గాలికి ఆకాశమంతా దుమ్ము పట్టి ఉంది, పెదాలు పగిలి రక్తం వస్తోంది. సవెలుగు అనే పట్నం దాటి ఎర్రమట్టి రోడ్డు మీద పొద్దున్నే ఒక ఊరు చేరాం. బోరు వేయాల్సిన పాయింట్ అప్పటికే గుర్తుపెట్టి ఉంది, షియా చెట్టుకు (గింజల నుంచి వెన్న తీస్తారు) కాస్త దూరంలో. ఊరి పెద్ద అనుమతి తీసుకున్నాం అని ఆఫీసులో చెప్పారు. నేను బండి దిగి సరాసరి పాయింట్ దగ్గరికి నడిచాను. సాయానికి వచ్చిన ఊరి కుర్రాళ్ళతో రిగ్గు లెవెల్ చేయిస్తున్నాను. చేతికర్రతో ఒక ముసలాయన వచ్చి "దసిబా" అన్నాడు. అక్కడి దగ్బానీ భాషలో అది పొద్దుటి పలకరింపు. నేను తల ఊపి, బురద నీళ్ళు ఎటు వదలాలి అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు.

అరగంటలో కుర్రాళ్ళు ఒక్కొక్కరే చేతులు దులుపుకుని పోయారు. ఎవరూ అరవలేదు, అడ్డం పడలేదు. దూరంగా గోడ నీడన కూర్చుని చూస్తున్నారు. మా డ్రైవర్ ఆ ప్రాంతం వాడే. అతన్ని అడిగితే, "మాస్టర్, బండి వచ్చింది. మీరింకా ఊళ్ళోకి రాలేదు" అన్నాడు.

ఆ ముసలాయన తిందానా అట. ఊరి పెద్ద మనుషులకు పెద్ద అయితే, తిందానా నేలకు పెద్ద. నేలను తవ్వాలంటే ముందు ఆయన నేలతో మాట్లాడాలి. నేను ఆయన పలకరింపుకే జవాబివ్వలేదు. ఇంత వయసొచ్చి, మా నల్లగొండలో కొబ్బరికాయ కొట్టకుండా ఒక్క బోరు కూడా మొదలుపెట్టని మనిషిని. అక్కడ మాత్రం ఆ నేలకు ఎవరూ లేరన్నట్టు దిగాను. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

సవెలుగుకు మనిషిని పంపి కోలా కాయలు తెప్పించాం. మన తాంబూలంలా అక్కడ పెద్దలకు ఇచ్చేవి అవే. మధ్యాహ్నం ఊరి పెద్ద ఇంటికి వెళ్ళాం. గుడిసె బయటే చెప్పులు, టోపీలు తీసేసి లోపల గొంతుకూర్చున్నాం. ఆయన జంతు చర్మాల మీద కూర్చుని ఉన్నాడు. దక్షిణ ఘనాలో పెద్దరికానికి గుర్తు పీట అయితే, ఉత్తరాన అది చర్మం. పక్కన వులానా, అంటే ఆయన మాట మోసే మనిషి. మనం నేరుగా ఆయనతో మాట్లాడకూడదు. పావుగంట సేపు ఒకటే పలకరింపులు. ఇల్లు ఎలా ఉంది, భార్య, పిల్లలు, మా నాన్న ఆరోగ్యం, మా ఊళ్ళో వానలు. ప్రతిదానికీ "నా" అనాలి. అంతే జవాబు. ఆ తర్వాతే ఎందుకు వచ్చారని అడిగారు.

మర్నాడు తిందానా పాయింట్ దగ్గర కోడిని కోసి, నీళ్ళు పోసి, చాలాసేపు ఏదో చెప్పాడు. అక్కడి రాయి మొండిది, మొదటి బోరు ఎండిపోయింది. రెండో దానికి నీళ్ళు పడ్డాయి. పని వదిలి వెళ్ళిపోయిన ఆ కుర్రాళ్ళే కేసింగ్ పైపులు భుజాన మోశారు. దాని మీద పెట్టిన పంపు ఏదో తెలుసా? ఇండియా మార్క్ 2. మనూళ్ళో బోరింగు అంటామే, అదే.

అందుకే నా మాట గట్టిగా చెప్తాను. ఎవరినీ పలకరించకుండా పని గురించి అడగొద్దు. ఇంటికెళ్తే కాలాబాష్ కాయ బుర్రలో నీళ్ళు ఇస్తారు. తాగడం ఇష్టం లేకపోతే పెదాలకు తాకించి తిరిగి ఇవ్వండి. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వొద్దు, తీసుకోవద్దు. ఈ ఒక్క విషయం మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

తిండి కోసం పెట్టె నిండా పచ్చళ్ళు మోయకండి. తమలేలో మూడేళ్ళుండి కుక్కరు, ఆవకాయ దాటి బయటికి రాని మనవాళ్ళను చూశాను, నాకు చాలా కోపం వచ్చేది. అక్కడి టీజెడ్ అంటే మొక్కజొన్న పిండితోనో సజ్జ పిండితోనో గెలికిన సంకటే. చారులో గోంగూర జాతి ఆకు కూడా వేస్తారు. ఆ పువ్వులతో కాచే ఎర్రటి పానీయం సొబోలో ఎండలో ప్రాణం లేపుతుంది. అన్నం, అలసందలు కలిపి వండే వాచే మనకు పరాయి తిండే కాదు. శాకాహారులైతే ఎండు చేప వేశారా అని అడిగి తినండి. చెప్పకుండా వేస్తారు.

ఇంకొకటి. మనవాళ్ళు తీసే వీడియోలు చూస్తే ఒళ్ళు మండుతుంది. కెమెరా ఆన్ చేసి పిల్లల్లోకి చాక్లెట్లు విసరడం, "ఆఫ్రికాలో పేదరికం చూడండి" అనడం. ఆఫ్రికా ఒక దేశమా? మీ పిల్లల్లోకి ఎవరో అలా విసిరితే ఊరుకుంటారా? పిల్లలు మిమ్మల్ని చూసి "సిలిమింగా" అని అరుస్తారు. తెల్లదొర, పరాయివాడు అని అర్థం. నవ్వి చెయ్యి ఊపండి. ఫోటో కావాలంటే పెద్దవాళ్ళను అడిగి తీయండి.

మందుల సంగతి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా ఘనాలోకి రానివ్వరు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కూడా అడుగుతారు, లేకపోతే క్వారంటైనే. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడలో ఇస్తారు. ఎండాకాలంలో వెళ్తే మెనింజైటిస్ టీకా గురించీ అడగండి. మలేరియా మాత్రలు మానొద్దు. ఇంటికొచ్చిన నెల తర్వాత జ్వరం వచ్చినా "ఆఫ్రికా నుంచి వచ్చాను" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. నారికురుపు గురించి మా అమ్మ భయపడింది. మన దేశం నుంచి అది పోయిందని 2000లో, ఘనా నుంచి పోయిందని 2015లో ధ్రువీకరించారని చెప్పాకే ఊరుకుంది. నన్ను కదిలించింది ఇంకొకటి. ఇంకా ఉత్తరాన బొల్గతంగ పట్నం దాటాక బొంగో అనే చోట పిల్లల పళ్ళ మీద గోధుమ మరకలు చూశాను. ఎవరూ చెప్పక ముందే అర్థమైంది, ఫ్లోరైడ్. మర్రిగూడలో నేను చూస్తూ పెరిగిన పళ్ళే అవి. అటు వెళ్తే బోరు నీళ్ళు తాగకండి.

భయం సంగతికొస్తే, తమలే చుట్టూ నాకెప్పుడూ భయం వేయలేదు. ఘనా ఈశాన్య మూలనున్న బౌకు పట్నం వైపు, బుర్కినా ఫాసో సరిహద్దు వైపు మాత్రం వెళ్ళకండి, అక్కడ గొడవలున్నాయి.

తమలేలో దిగిన రోజే మార్కెట్లో కోలా కాయలు కొనిపెట్టుకోండి. ఏది మంచిదో ఊరివాడైన డ్రైవర్‌ను చూడమనండి. ఆకులో చుట్టి ఇస్తారు, పైన తడి గుడ్డ కప్పి ఉంచితే ఎండిపోవు.